గర్న్‌సీ దీవి చిక్కుముడి: ఇల్లు, పన్ను, కరెంటు

ఇంగ్లిష్ చానెల్‌లో, ఇంగ్లండు కంటే ఫ్రాన్సుకే దగ్గరగా గర్న్‌సీ అనే చిన్న దీవి ఉంది. వైశాల్యం 65 చదరపు కిలోమీటర్ల లోపు, జనాభా 64 వేల దరిదాపు. అంటే మన దగ్గర ఒక మండలమంత జనం. అంతమందే అయినా వాళ్ళకు సొంత శాసనసభ, సొంత పన్నులు, సొంత కరెంటు సంస్థ, సొంత పౌండు నోట్లు ఉన్నాయి. బ్రిటన్ రాజే వాళ్ళకూ రాజు, కానీ ఆ దీవి బ్రిటన్‌లో భాగం కాదు. యూరోపియన్ యూనియన్‌లో ఏనాడూ సభ్యత్వం లేదు. రక్షణ, విదేశీ వ్యవహారాలు బ్రిటన్ చూసుకుంటుంది. మిగతావన్నీ వాళ్ళే చూసుకోవాలి, ఖర్చుతో సహా.

2023 మొదట్లో ఆ దీవి ప్రధాన పట్టణం సెయింట్ పీటర్ పోర్ట్ వీధుల్లో జనం ఊరేగింపు తీశారు. కారణం మనకు బాగా తెలిసిన మూడక్షరాలు: జీఎస్టీ. వస్తువుల మీద, సేవల మీద 5 శాతం పన్ను వేయాలని ప్రభుత్వం ప్రతిపాదించింది. ఆ ఫిబ్రవరిలో సభ దాన్ని ఓడించింది. అక్టోబర్‌లో మళ్ళీ ఓడించింది. 2024 నవంబర్‌లో బడ్జెట్ చర్చ వచ్చింది. ఆదాయపు పన్నును తాత్కాలికంగా 20 నుంచి 22 శాతానికి పెంచుదామన్న ప్రతిపాదనను పక్కనపెట్టి, తాను రెండుసార్లు కాదన్న జీఎస్టీకే అదే సభ ఔనంది. 2025 జూన్ ఎన్నికల్లో మళ్ళీ అదే పెద్ద టాపిక్.

ఇన్ని మలుపులెందుకు తిరిగింది? పన్నును మాత్రమే చూస్తే జవాబు దొరకదు. గర్న్‌సీలో ఇళ్ళ విధానం, పన్నుల విధానం, కరెంటు విధానం వేర్వేరు కమిటీల చేతుల్లో ఉన్నా, లోపల ఈ మూడూ ఒకే ముడి. అక్కడి చర్చలో పన్నుకే మొదటి పీట వేశారు. నా అభిప్రాయంలో మొదట తేలాల్సింది ఇల్లు. ఎందుకో వివరంగా చూద్దాం.

ఖర్చు ఎందుకు తగ్గదు

ఎంత చెట్టుకు అంత గాలి అంటాం. దీవుల్లో ఈ సామెత పనిచేయదు. చెట్టు చిన్నదే, గాలి మాత్రం పెద్ద చెట్టుకు కొట్టినట్టే కొడుతుంది. ఊళ్ళో 64 వేలమందే ఉన్నారని ఐసీయూను సగానికి కోయలేం, రన్‌వేను పావువంతు వేయలేం. రేవు కావాలి, కోర్టు కావాలి, సముద్రం అడుగున కేబుల్ కావాలి. పెద్ద దేశంలో ఇలాంటి ఖర్చులు కోట్లమందికి పంచితే తలకు పైసలు పడతాయి. ఇక్కడ తలకు పౌండ్లు పడతాయి. పైగా ఎవరైనా దీవి వదిలి వెళ్ళిపోతే వాళ్ళ వాటా మిగిలినవాళ్ళ మీదకే వస్తుంది.

ఇన్నాళ్ళూ ఈ లెక్కను ఆర్థిక సేవల రంగం మోసింది. ట్రస్టులు, పెట్టుబడి ఫండ్లు, పెద్ద కంపెనీలు తమ రిస్కు కోసం తామే పెట్టుకునే క్యాప్టివ్ బీమా సంస్థలు అక్కడ ప్రధాన వ్యాపారం. అవి రావడానికి కారణం పన్నులు తక్కువ కావడం. వ్యక్తిగత ఆదాయపు పన్ను 1960ల నుంచీ 20 శాతమే. క్యాపిటల్ గెయిన్స్ పన్ను లేదు, వారసత్వపు పన్ను లేదు, వ్యాట్ లేదు.

2008లో పెద్ద మార్పు వచ్చింది. అంతకుముందు స్థానిక కంపెనీలు 20 శాతం కట్టేవి, బయటివాళ్ళ కంపెనీలు చిన్న ఫీజు కట్టి మినహాయింపు పొందేవి. మనవాళ్ళకో రూలు, పరాయివాళ్ళకో రూలు ఏమిటని యూరోపియన్ యూనియన్ అభ్యంతరం చెప్పింది. సభ్యదేశం కాకపోయినా ఆ మాటను కాదనే స్థితి గర్న్‌సీకి లేదు. అందరికీ ఒకే రూలు పెట్టాలంటే రెండే దారులు: బయటివాళ్ళ మీద పన్ను పెంచడం, లేదా స్థానికుల మీద తీసేయడం. పెంచితే ఆ కంపెనీలు ఓ వారంలో వేరే దీవికి మారతాయి. అందుకని తీసేశారు. మామూలు కంపెనీకి సున్నా శాతం, బ్యాంకింగ్ లాంటి కొన్నిటికి 10 శాతం, ఆస్తి అద్దె ఆదాయానికీ నియంత్రణలో ఉన్న యుటిలిటీలకూ 20 శాతం. దీన్నే జీరో-టెన్ అంటారు. తర్వాతి ఏళ్ళలో 10 శాతం వర్గంలోకి మరికొన్ని ఆర్థిక వ్యాపారాలను చేర్చారు, పెద్ద లాభాలున్న రిటైల్ వ్యాపారాలను 20 శాతం కిందికి తెచ్చారు. 2025 జనవరి నుంచి భారీ బహుళజాతి సంస్థలకు 15 శాతం కనీస పన్ను కూడా వచ్చింది. అయినా ఖజానా ప్రధానంగా ఆధారపడేది జీతం మీద పన్ను కట్టే మనిషి మీదే.

ఆ మనిషి వయసు పెరుగుతోంది. యుద్ధం తర్వాత పుట్టిన తరం రిటైరవుతోంది. పెన్షన్ వయసును మెల్లమెల్లగా పెంచుతూ 2049 నాటికి 70 ఏళ్ళు చేయాలని ఇప్పటికే నిర్ణయించారు. అది కూడా చాలదు. పనిచేసే వయసువాళ్ళు తగ్గి, వైద్యం ఖర్చు పెరిగితే 20 శాతం ఆదాయపు పన్ను ఎంతకాలం మోస్తుంది? జీఎస్టీ ఆలోచన ఇక్కడే పుట్టింది. రిటైరైనవాళ్ళు జీతం తీసుకోకపోయినా సరుకులు కొంటారు కాబట్టి జీఎస్టీ వాళ్ళ దగ్గరా వసూలవుతుంది. పక్కనున్న జెర్సీ దీవి 2008లోనే 3 శాతంతో మొదలుపెట్టి 2011లో 5 శాతం చేసింది.

మన జీఎస్టీకీ దీనికీ ఒక ముఖ్యమైన తేడా ఉంది. 2017లో మనకు వచ్చిన జీఎస్టీ అప్పటికే ఉన్న వ్యాట్, సర్వీస్ ట్యాక్స్, ఎక్సైజ్ లాంటివాటి స్థానంలో వచ్చింది. గర్న్‌సీవాళ్ళకు వస్తువుల అమ్మకం మీద సాధారణ పన్ను అనేదే అలవాటు లేదు. పైగా ప్రతిపాదనలో తిండి సరుకులు కూడా ఉన్నాయి. ఎక్కువ మినహాయింపులిస్తే చిన్న ప్రభుత్వం లెక్కలు చూడలేదు, వసూలు ఖర్చే పెరిగిపోతుంది అనేది అధికారుల వాదన. అందులో నిజముంది. కానీ తక్కువ ఆదాయంవాళ్ళు సంపాదనలో ఎక్కువ భాగం తిండికే పెడతారు, కాబట్టి దెబ్బ వాళ్ళకే గట్టిగా తగులుతుంది. దాన్ని సరిచేయడానికి కింది స్థాయి ఆదాయం మీద 20కి బదులు 15 శాతం పన్ను, సామాజిక భద్రత చందాల్లో మార్పులు, పెన్షన్ల పెంపు కలిపి ఒక ప్యాకేజీగా తెచ్చారు. కాగితం మీద ఆ లెక్క సరిపోతుంది. ఊరేగింపులో నడిచినవాళ్ళ భయం వేరు: పన్ను ఒకసారి వచ్చాక రేటు ఎక్కడ ఆగుతుంది? జెర్సీలో 3 శాతం మూడేళ్ళలోనే 5 శాతం అయిన సంగతి వాళ్ళ కళ్ళముందే ఉంది.

రెండు బజార్లున్న ఇళ్ళు

1940 జూన్ నుంచి 1945 మే దాకా గర్న్‌సీని జర్మన్ సైన్యం ఆక్రమించింది. ఆక్రమణకు ముందు జనంలో దాదాపు సగం మంది, ముఖ్యంగా పిల్లలు, ఓడలెక్కి ఇంగ్లండు వెళ్ళిపోయారు. యుద్ధం అయ్యాక అందరూ తిరిగొస్తే ఇళ్ళు చాలలేదు. అప్పుడు మొదలైన ఇళ్ళ నియంత్రణ రూపాలు మారుతూ ఈనాటికీ నడుస్తోంది.

ఇప్పటి పద్ధతిలో ఇళ్ళు రెండు రకాలు. ఒకటి లోకల్ మార్కెట్. ఇందులో ఉండాలంటే దీవితో పుట్టుక సంబంధమో, ఏళ్ళ తరబడి నివాసమో, ఉద్యోగ పర్మిటో ఉండాలి. రెండోది ఓపెన్ మార్కెట్. ప్రత్యేక రిజిస్టర్‌లో ఎక్కిన సుమారు 1,600 ఇళ్ళు ఇవి. డబ్బుంటే బయటివాళ్ళు కూడా కొనుక్కుని ఉండొచ్చు. సహజంగానే ఇవి ఖరీదైన, పెద్ద ఇళ్ళు. డబ్బున్నవాళ్ళు స్థానికుల ఇళ్ళకోసం పోటీపడకుండా వాళ్ళకంటూ వేరే వరస పెట్టడం దీని ఉద్దేశం.

2017 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన జనాభా నిర్వహణ చట్టం దీన్ని ఇంకాస్త స్పష్టం చేసింది. బయటినుంచి వచ్చే ఉద్యోగికి అవసరాన్ని బట్టి ఏడాది, ఐదేళ్ళు, ఎనిమిదేళ్ళ పర్మిట్లు పెట్టింది. వరసగా ఎనిమిదేళ్ళు ఉంటే ఒక స్థాయి హక్కు, 14 ఏళ్ళు ఉంటే శాశ్వత నివాసి హోదా. ఐదేళ్ళ పర్మిట్ మీద వచ్చిన ఉద్యోగి నాలుగో ఏడు నుంచే వేరే ఊళ్ళో ఉద్యోగం వెతుక్కోవడం మొదలుపెట్టేవాడు. దీవి పనినేర్పిన మనిషిని తానే పంపించేసేది. జనాభా పెరగకుండా చూడాలన్న ఒక తరం ఆందోళన చట్టంలో అలా స్థిరపడిపోయింది. ఇప్పటి అవసరం దానికి సరిగ్గా వ్యతిరేకం. 2022లో జనాభా విధానాన్ని సమీక్షించినప్పుడు, వచ్చేవాళ్ళలో నుంచి వెళ్ళేవాళ్ళను తీసేస్తే సగటున ఏటా 300 మంది కొత్తగా కలుస్తారన్న అంచనాతో ప్రణాళిక వేసుకోవాలని సభ నిర్ణయించింది. శ్రామికుల సంఖ్య నిలబడటానికే ఆ 300.

ఆ 300 మంది ఎక్కడ ఉంటారు?

లోకల్ మార్కెట్‌లో సగటు ఇంటి ధర 6 లక్షల పౌండ్ల దరిదాపు, అంటే ఆరు కోట్ల రూపాయలకు పైమాటే. మధ్యస్థ జీతం ఏడాదికి 40 వేల పౌండ్ల చుట్టుపక్కల. ఒక మనిషి జీతం పైసా ముట్టకుండా పదిహేనేళ్ళు దాచితే ఒక ఇల్లు. అద్దెలు కూడా ఇదే దారిలో ఉన్నాయి. అక్కడే పుట్టి పెరిగిన పిల్లలు చదువుకి ఇంగ్లండు వెళ్ళి తిరిగి రాకపోవడానికి ఇదొక పెద్ద కారణం. దీవికి బాగా కావాల్సింది వాళ్ళే.

ఇక్కడ ఇళ్ళ ముడి పన్ను ముడిని నేరుగా తాకుతుంది. ఆస్పత్రికి నర్సు కావాలి. నర్సు ఉద్యోగానికి ఒప్పుకుంటుంది, వచ్చి ఇల్లు వెతుక్కుంటుంది, అద్దె చూసి వెనక్కి వెళ్ళిపోతుంది. వార్డు ఖాళీగా ఉంచలేరు కాబట్టి ఏజెన్సీ ద్వారా తాత్కాలిక నర్సుని తెస్తారు. ఆమెకు జీతం ఎక్కువ, ఏజెన్సీ కమిషన్ ఎక్కువ, ఆమె బసకు మళ్ళీ ప్రభుత్వమే డబ్బు కట్టాలి. ఇల్లు లేకపోవడం వల్ల వచ్చిన ఖర్చు బడ్జెట్‌లో ఆరోగ్యశాఖ లోటుగా కనిపిస్తుంది. ఆ లోటు పూడ్చడానికి జీఎస్టీ కావాలంటారు. ఆస్పత్రి పక్కనున్న పొలంలో సిబ్బందికి ఇళ్ళు కడదామన్న ప్రతిపాదన వచ్చినప్పుడు, వ్యవసాయ భూమి పోతుందని పెద్ద గొడవే జరిగింది. పొలం ముఖ్యం కాదని నేననను. ఆ పొలం కాపాడిన ఖర్చు వేరే పద్దులో పడుతోందని మాత్రం గుర్తించాలి.

కొత్త ఇళ్ళు కడదామంటే సిమెంటు, కలప, స్టీలు ఓడలో రావాలి. కట్టే మేస్త్రీలూ చాలామంది బయటినుంచే రావాలి. మేస్త్రీకి ఉండటానికి ఇల్లు కావాలి. ఇల్లు కట్టడానికే ముందు ఇల్లు కావాల్సిన పరిస్థితి.

పన్ను నిబంధనలు చూస్తే ఓపెన్ మార్కెట్‌కి ఇచ్చే ప్రాధాన్యం తెలుస్తుంది. కొత్తగా వచ్చి ఓపెన్ మార్కెట్ ఇల్లు కొని, 50 వేల పౌండ్లు లేదా అంతకంటే ఎక్కువ రిజిస్ట్రేషన్ సుంకం కట్టినవాళ్ళకు, వచ్చిన ఏడాదీ ఆ తర్వాతి మూడేళ్ళూ ఆదాయపు పన్ను ఒక స్థిరమైన మొత్తానికి మించకుండా పరిమితి పెట్టుకునే వీలుంది. సంపన్నులు వస్తే ఖర్చు పెడతారు, ఉద్యోగాలిస్తారు అన్నది దీని వెనక వాదం. అది పూర్తిగా తప్పు కాదు. కానీ తిండి మీద 5 శాతం పన్ను ప్రతిపాదించిన ప్రభుత్వం, ఆ పక్కనే ఈ రాయితీని ఉంచితే జనం అడగకుండా ఉండరు.

ఇంటి మీద ఏటా కట్టే పన్ను కూడా చూడాలి. 2008 నుంచి గర్న్‌సీలో స్థిరాస్తి పన్నును ఇంటి విలువతో కాకుండా వైశాల్యంతో లెక్కిస్తున్నారు. పెద్ద ఇళ్ళకు రేటు పెంచుతూ వచ్చారు. అయినా సముద్రం కనిపించే కొండమీది ఇల్లూ, పవర్‌హౌస్ పక్కనున్న ఇల్లూ ఒకే వైశాల్యమైతే ఒకే వర్గంలో పడతాయి. ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2021లో అద్దె విలువ వదిలి ఆస్తి విలువ మీద పన్ను వేసినప్పుడు ఎంత గోల జరిగిందో మనం చూశాం. విలువ మీద వేస్తే ఆదాయం లేని ముసలివాళ్ళు ఇబ్బందిపడతారు, నిజమే. వాళ్ళు బతికున్నంతకాలం వసూలు వాయిదా వేసి, ఆస్తి చేతులు మారినప్పుడు తీసుకునే ఏర్పాటు చేయొచ్చు. తిండి మీద పన్నుకి అలాంటి వాయిదా కుదరదు.

టమాటాలు పోయాయి, గాజు మిగిలింది

ఇళ్ళకీ కరెంటుకీ ఉన్న సంబంధం కొత్తదేమీ కాదు. ఒకప్పుడు గర్న్‌సీ అంటే ఇంగ్లండు అంతటా టమాటాలే గుర్తొచ్చేవి. దీవి నిండా గాజు షెడ్లు. వాటిని అక్కడ వైనరీలంటారు, మొదట్లో ద్రాక్ష పండించారు కాబట్టి. చలికాలంలో వాటిని వేడిచేయడానికి నూనె కాల్చాలి. 1970లలో చమురు ధరలు ఎగిరాయి. అదే సమయంలో నెదర్లాండ్స్ రైతులకు చవగ్గా సహజవాయువు దొరికింది. గర్న్‌సీ టమాటా ఆ పోటీలో నిలబడలేదు. ఒక దీవి ముఖ్యమైన పరిశ్రమను ఇంధనం ధరే ముంచింది. సరిగ్గా ఆ ఖాళీలోకి బ్యాంకులూ ఫండ్లూ వచ్చాయి.

పంట పోయాక గాజు పగిలి, ఇనుప చట్రాలు తుప్పుపట్టి, ముళ్ళ పొదలు పెరిగిన స్థలాలు దీవంతా మిగిలాయి. వీటిలో ఇళ్ళు కట్టొచ్చు కదా అనిపిస్తుంది. ప్లానింగ్ రూల్స్ ప్రకారం మూతపడిన వైనరీ స్థలం వ్యవసాయ భూమితో సమానం. అందులో గాజు తీసేస్తే తిరిగి పొలంగానే చూడాలి. యజమానులు గాజు తీయరు, ఎప్పటికైనా ఇళ్ళకు అనుమతి వస్తుందని ఎదురుచూస్తుంటారు. కాబట్టి ఆ స్థలం అటు పొలమూ కాదు, ఇటు ఇల్లూ కాదు. ఎదురుచూస్తే లాభం ఉంటుందన్న ఆశే అక్కడి భూమిని కట్టిపడేసింది. ఇలాంటి కొన్ని స్థలాలను సోలార్‌కి వాడవచ్చన్న ఆలోచన కూడా ఉంది. అప్పుడు ఒకే చెక్క నేలకోసం పొలం, ఇల్లు, కరెంటు మూడూ పోటీపడతాయి.

కరెంటు సంగతి చూద్దాం. గర్న్‌సీ ఎలక్ట్రిసిటీ ప్రభుత్వ యాజమాన్యంలోని కంపెనీ. 2000 దాకా దీవికి అవసరమైన కరెంటంతా ఉత్తరాన వేల్ అనే చోట ఉన్న స్టేషన్‌లో చమురు మండించి తీసేవారు. ఆ ఏడాది జెర్సీ మీదుగా ఫ్రాన్సు గ్రిడ్‌తో కలిపే సముద్రపు కేబుల్ వచ్చింది. ఫ్రాన్సు అణు విద్యుత్తు, జల విద్యుత్తు కొంటే చమురు కంటే చవక, కాలుష్యమూ తక్కువ. జెర్సీ, గర్న్‌సీ సంస్థలు కలిసి కొంటాయి కాబట్టి బేరమాడే బలం కూడా కాస్త ఉంటుంది.

కేబుల్ బాగున్నంతకాలం బాగానే ఉంటుంది. 2018లో గర్న్‌సీ-జెర్సీ కేబుల్ పాడైంది. బాగుచేయడం కంటే కొత్తది వేయడమే మేలని తేల్చి, మరుసటి ఏడాదికల్లా సుమారు 30 మిలియన్ పౌండ్లతో మార్చారు. ఆ మధ్యకాలంలో ఇంజన్లే దిక్కయ్యాయి. అంతకుముందు 2012లో జెర్సీ-ఫ్రాన్సు మధ్య కేబుల్ దెబ్బతిన్నప్పుడూ అంతే. 2021 మేలో ఇంకోరకం భయం. చేపల వేట లైసెన్సుల మీద జెర్సీతో గొడవ ముదిరి, కరెంటు ఆపుతామని ఫ్రాన్సు మంత్రి అనిక్ జిరార్దాన్ బహిరంగంగానే హెచ్చరించారు. కరెంటు ఆగలేదు. కానీ జెర్సీ మీదుగానే తీగ వచ్చే గర్న్‌సీకి, తనకు సంబంధంలేని తగాదాలో తన దీపాలు ఆరిపోవచ్చని తెలిసొచ్చింది. 2023లో సభ ఆమోదించిన విద్యుత్ వ్యూహంలో ఫ్రాన్సుకు నేరుగా ఇంకో కేబుల్, స్థానికంగా సోలార్, మునుముందు సముద్రపు గాలిమరలు ఉన్నాయి.

అంతా మంచిదే, బిల్లు ఎవరు కడతారు? కరెంటు సంస్థ ఖర్చులో పెద్దభాగం మనం వాడే యూనిట్లతో సంబంధం లేనిది. కేబుల్ అప్పు, వీధిలో తీగలు, సబ్‌స్టేషన్లు, ఎప్పుడో అవసరమొస్తుందని సిద్ధంగా ఉంచే డీజిల్ ఇంజన్లు, వాటి సిబ్బంది. కానీ బిల్లులో వసూలు ఎక్కువగా యూనిట్ల మీదే జరుగుతూ వచ్చింది. సొంత ఇల్లు, దాని కప్పు, పెట్టుబడికి డబ్బు ఉన్న మనిషి సోలార్ పెట్టుకుంటాడు. అతని యూనిట్లు తగ్గుతాయి, బిల్లు తగ్గుతుంది. డిసెంబర్‌లో మబ్బు పట్టిన రోజున అతనికీ అదే కేబుల్, అదే ఇంజన్ కావాలి. అతను కట్టని వాటా అపార్ట్‌మెంట్‌లో అద్దెకున్నవాళ్ళ యూనిట్ ధరలో కలుస్తుంది. దాన్ని సరిచేయడానికి నెలవారీ స్థిర ఛార్జీ పెంచితే, ఒక్క గదిలో ఉంటూ పొదుపుగా వాడే ముసలావిడ బిల్లు పెరుగుతుంది. దీనికి తేలికైన జవాబు లేదు.

అద్దె ఇంట్లో మరో తిరకాసు. గోడలకూ కప్పుకూ చలి లోపలికి రాకుండా ఇన్సులేషన్ వేస్తే, నూనె బాయిలర్ తీసి, బయటి గాలిలోని వేడిని కరెంటుతో లోపలికి లాగే హీట్ పంప్ పెడితే ఖర్చు ఇంటి ఓనర్‌ది, ఆదా అద్దెకున్నవాళ్ళది. ఇళ్ళకు ఇంత కొరత ఉన్న చోట చలి ఇల్లయినా అద్దెకు పోతుంది. ఓనర్ ఎందుకు ఖర్చుపెడతాడు? 2050 నాటికి నెట్ జీరో, అంటే కర్బన ఉద్గారాలు నికరంగా సున్నా, సాధించాలన్న దీవి లక్ష్యం ఇళ్ళ కొరత దగ్గర ఆగిపోతుంది. కొరత తీరి, అద్దెదారుడికి నచ్చని ఇల్లు వదిలి వెళ్ళే వీలు దొరికితేనే ఓనర్ బాగుచేస్తాడు.

వాహనాల్లోనూ ఇంధనం, పన్ను ఇలాగే అల్లుకున్నాయి. 2008లో ఏటా కట్టే మోటారు పన్ను రద్దుచేసి, దాన్నంతా పెట్రోలు, డీజిల్ మీద సుంకంలో కలిపేశారు. ఎక్కువ తిరిగేవాడు ఎక్కువ కడతాడు, వసూలు సులభం. ఇప్పుడు ఎలక్ట్రిక్ కార్లు పెరుగుతున్నాయి, లీటర్లు తగ్గుతున్నాయి. రోడ్డు మాత్రం అరుగుతూనే ఉంది. పర్యావరణ లక్ష్యం నెరవేరేకొద్దీ ఖజానాకు చిల్లు పడుతుంది.

ఇంకా చిన్న దీవులు

గర్న్‌సీయే చిన్నదంటే దాని పక్కనున్న సార్క్‌లో ఐదు వందల పైచిలుకు జనం. కార్లు లేవు, ట్రాక్టర్లూ సైకిళ్ళూ గుర్రబ్బండ్లే. ఆదాయపు పన్ను లేదు. కేబుల్ కూడా లేదు, డీజిల్ కరెంటే. 2018లో యూనిట్ ధర బ్రిటన్ ధరకు అనేక రెట్లు ఉంది. ధర తగ్గించమని నియంత్రణాధికారి చెబితే, ఆ రేటుకి నడపలేమని, కరెంటు ఆపేస్తామని అప్పటి ప్రైవేటు సంస్థ హెచ్చరించింది. జనం దీవి వదిలి వెళ్ళాల్సొస్తుందా అన్నంతదాకా వెళ్ళింది. పన్ను లేని స్వర్గం అని చాలామంది ఊహించుకునే చోట కరెంటు బిల్లే పన్ను పని చేస్తోంది.

ఆల్డర్నీ కథ వేరు. రెండు వేల మందికి కాస్త పైన జనం. 1948 ఏర్పాటు ప్రకారం గర్న్‌సీతో కలిసి ఒకే ఖజానా, అందుకే గర్న్‌సీ సభలో వాళ్ళకు ఇద్దరు ప్రతినిధులున్నారు. గర్న్‌సీలో జీఎస్టీ వస్తే వాళ్ళకూ వస్తుంది. సరుకు రవాణా ఖర్చు వల్ల అక్కడ ధరలు ఇప్పటికే ఎక్కువ. ధర మీద శాతంగా వేసే పన్ను, ఎక్కువ ధర కట్టేవాళ్ళ దగ్గరే ఎక్కువ వసూలుచేస్తుంది. ఫ్రాన్సు కేబుల్ కరెంటు మాత్రం వాళ్ళకు అందదు.

ముందు ఏది

జీఎస్టీ వద్దనే వాదన నాది కాదు. ముసలితనం ఖర్చు నిజం, సున్నా శాతం కంపెనీ పన్ను వదిలిపోయిన ఖాళీ నిజం. కానీ ఇళ్ళు కట్టకుండా జీఎస్టీ తెస్తే, ఆ డబ్బులో కొంత మళ్ళీ ఏజెన్సీ నర్సుల బసకే పోతుంది. పనిచేసే వయసు కుటుంబం ఒకటి ఒక ఇంట్లో స్థిరపడితే, అది ఆదాయపు పన్ను కడుతుంది, చందా కడుతుంది, కేబుల్ అప్పులో వాటా మోస్తుంది, బడి నింపుతుంది. మూడు లెక్కల్లోనూ ఒకేసారి ఫలితం ఇచ్చే పని అదొక్కటే.

అప్పు చేసే అలవాటు కూడా గర్న్‌సీకి ఉంది. 2014లో 330 మిలియన్ పౌండ్ల బాండు జారీచేసింది, 2046లో తీర్చాలి. తిరిగి రాబడి వచ్చేవాటికే ఆ డబ్బు అప్పుగా ఇవ్వాలన్నది నియమం. తక్కువ అద్దెకీ, ఇంట్లో కొంత వాటా కొనుక్కునే పద్ధతిలోనూ ఇళ్ళిచ్చే గర్న్‌సీ హౌసింగ్ అసోసియేషన్ అలా తీసుకున్నవాటిలో ఒకటి. అద్దె వస్తుంది, అప్పు తీరుతుంది. ఫ్రాన్సు కేబుల్‌కీ ఇదే దారి మేలు. దశాబ్దాలు పనిచేసే ఆస్తిని రాబోయే కొన్నేళ్ళ యూనిట్ ధరలో వసూలు చేయడం ఇప్పటి అద్దెదారులకు అన్యాయం.

వైనరీల సంగతి తేల్చాలి. అన్నిట్లో ఇళ్ళు అక్కర్లేదు. రోడ్డు, డ్రైనేజి, బస్సు దగ్గరున్నవి ఇళ్ళకు, మిగతావి పొలానికో సోలార్‌కో అని పేరుపేరునా ప్రకటించి, ఇక మారదని చెప్పేస్తే ఎదురుచూపు ఆగుతుంది. అనుమతితో పెరిగిన విలువలో కొంత తక్కువ ధర ఇళ్ళకు తీసుకోవాలి.

దీనికి గట్టి అభ్యంతరం ఒకటుంది, అది దీవి ఉత్తరభాగంలో ఉండేవాళ్ళది. ఎక్కడ ఏం కట్టొచ్చో చెప్పే 2016 ప్రణాళిక కొత్త ఇళ్ళను ఎక్కువగా సెయింట్ పీటర్ పోర్ట్‌కీ, ఉత్తరాన సెయింట్ సాంప్సన్, వేల్ ప్రాంతానికీ కేటాయించింది. పవర్ స్టేషన్ అక్కడే, ఇంధన ఓడలు దిగేదీ అక్కడే, క్వారీ అక్కడే, ట్రాఫిక్ అక్కడే. ఇప్పుడు ఇళ్ళు కూడా మాకేనా, దక్షిణపు పచ్చటి పల్లెలకు వాటా లేదా అని వాళ్ళడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్న. దక్షిణంలో కూడా వైనరీలున్నాయి, బస్సులు పోతాయి. అక్కడ కూడా కొన్ని స్థలాలు ఆ జాబితాలో కనిపించకపోతే ఉత్తరంవాళ్ళ ఓటు ఈ పనికి పడదు.